మా కారు జబ్బు కనిపెట్టిన చాచా

చాచా పోయి నలభై రోజులు దాటిందని నాకు చెప్పింది, ఆయన దుకాణం ఎదురుగా చాయ్ బండి పెట్టుకున్న ఆమె. కారు ఇండికేటర్ ఒకటి వెలగడం లేదని పోయాను. షట్టర్ దించి ఉంది. ఇవాళ శుక్రవారం కూడా కాదు కదా, ఎందుకు మూశాడని అడిగాను.

"మీకు తెల్వదా టీచరమ్మా? చాచా లేడు. మొన్ననే నలభై దినాల ఫాతెహా గుడ అయ్యింది," అంది గ్లాసులు కడుగుతూనే.

నాకు ముందు కోపం వచ్చింది. నలభై రోజులా! ఈ ఊళ్ళో ఎవరి మనవడికి పన్ను మొలిచినా నా ఫోనుకు ఫొటో వస్తుంది. ఈ మనిషి పోతే నాకొక మాట చెప్పాలని ఒక్కరికీ తోచలేదా? కారులోకి వచ్చి కూర్చున్నాక కోపం దిగింది. ఎందుకు చెప్తారు? నేనాయనకు చుట్టాన్నా, పక్కింటిదాన్నా? ఆయన దగ్గర బండి బాగుచేయించుకున్న వందల మందిలో ఒకదాన్ని. స్టీరింగు మీద తల పెట్టుకుని అక్కడే ఏడ్చాను. చాయ్ బండి ఆమె చూస్తే చూసిందిలే అనుకున్నాను.

ఆయన పేరు రాయను. ఖమ్మం రోడ్డు మొదట్లో రేకుల షెడ్డు, దాని మీద వెలిసిపోయిన బోర్డు. బోర్డులోనూ పేరు లేదు, ఆటో ఎలక్ట్రికల్ అని మాత్రమే ఉంది. పేరెందుకు రాయించలేదు చాచా అంటే, "పేరు చూసి వచ్చేటోళ్ళు పెండ్లికొస్తరు. నా కాడికి బండి ఆగిపోయినోళ్ళొస్తరు," అనేవాడు.

సన్నటి మనిషి. కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. డ్యాష్‌బోర్డుల కింద దూరి దూరి ఆ వంపు వచ్చిందని తనే చెప్పుకుని నవ్వేవాడు. కళ్ళద్దాలకు ఒక కాడ విరిగితే ఎర్ర వైరు చుట్టి అదే వాడుకున్నాడు, నేను చూసినన్నాళ్ళూ. మెడలో ఎప్పుడూ టెస్ట్ ల్యాంపు వేలాడుతుండేది. టెస్ట్ ల్యాంపు అంటే పెద్ద యంత్రమేం కాదు, వైరులో కరెంటు ఉందో లేదో చూసే చిన్న బల్బు, దానికి రెండు వైర్లు. నమాజుకు పోయేటప్పుడు తప్ప దాన్ని తీసేవాడు కాదు.

ఇంజన్ పని ఆయన ముట్టుకోడు. ఆయన పనంతా డ్యాష్‌బోర్డు వెనకే. ఇప్పటి కార్లలో లైట్లు, వైపర్లు, హారను, తలుపుల తాళాలు, మీటర్లు అన్నిటి మీదా అక్కడ దాక్కున్న ఒక డబ్బా పెత్తనం చేస్తుంది. కంట్రోల్ మాడ్యూల్ అంటారు. దానికి తిక్క పుట్టిందంటే వాన చుక్క లేకుండానే వైపర్లు ఊగుతాయి, తలుపులు వాటంతట అవే గడియ పెట్టుకుంటాయి. అలాంటి బండి కనబడగానే చాలామంది మెకానిక్కులు "మాడ్యూల్ పోయింది, కొత్తది వెయ్యాలె" అనేస్తారు. ఆ మాట వింటే చాచాకు ఒళ్ళు మండేది. "నాడి సూడకుండనే పాడె కట్టుమంటాండ్రు," అని తిట్టేవాడు. పోయింది అనే మాట ఆయన నోట మొదటి రోజున నేనెప్పుడూ వినలేదు.

ఆయన దగ్గర కంప్యూటర్ స్కానర్ కూడా ఉండేది. దాన్ని గౌరవంగానే చూసేవాడు, గుడ్డ కప్పి పెట్టేవాడు. కానీ ముందు దాన్ని తగిలించేవాడు కాదు. ముందు బండి తెచ్చిన మనిషిని కూర్చోబెట్టేవాడు. షెడ్డులో ఏదో పాత కారు నుంచి పీకిన వెనక సీటు ఒకటి గోడకానించి ఉండేది. దాని మీద కూర్చున్నామంటే ఇక విచారణే. నీళ్ళు పడ్డాయా, ఎలుక దూరిందా, ఎవడైనా చాయ్ ఒలకబోశాడా, కొత్తగా ఏమన్నా తగిలించావా? నిజం చెప్తే సగం పని అయినట్టే అనేవాడు. అబద్ధం చెప్తే మాత్రం తాళం చేతిలో పెట్టి పంపించేవాడు.

ఒకసారి నా కళ్ళ ముందే ఒకాయన వచ్చాడు. తెల్ల చొక్కా, చేతికి కడియం. మీటర్లు పనిచేయడం లేదు. బండి పది రోజులుగా ఇంట్లోంచి కదల్లేదని, దేవుడి మీద ఒట్టు అనీ అన్నాడు. చాచా డ్యాష్‌బోర్డు పక్కన ఏసీ గాలి వచ్చే కంతలో నోరు పెట్టి గట్టిగా ఊదాడు. గుప్పున గులాల్ లేచి ఆయన గడ్డమంతా గులాబి రంగు అయిపోయింది. గణపతి నిమజ్జనం అయి అప్పటికి వారం.

"ఏం సార్, గణపతి మీ ఇంట్లకే వచ్చి మునిగిండా?" అన్నాడు గడ్డం దులుపుకోకుండానే.

చాయ్ బండి దగ్గర నిలబడ్డ వాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఆ కడియం ఆయన కూడా నవ్వక తప్పలేదు. ఆ గడ్డంతోనే చాచా సాయంత్రం దాకా పని చేశాడు.

విప్పిన స్క్రూలను పాత పేపరు మీద పెట్టే తీరు ఇంకోటి. డ్యాష్‌బోర్డులో ఏ స్క్రూ ఎక్కడుందో పేపరు మీద కూడా సరిగ్గా అక్కడే. దాని మీద గాలికి కదలకుండా స్టీలు పళ్ళెం బోర్లించేవాడు. ఆ దరిదాపుల్లోకి ఎవరైనా నడిచి వస్తే ఉరిమి చూసేవాడు. మనం ఎదురుగా నిలబడి చూస్తుంటే, "జర పక్కకు జరుగుండ్రి టీచరమ్మా, వైర్లకు సిగ్గైతాంది," అనేవాడు.

ఇంత చెప్పాక నా సంగతి చెప్పాలి. నేను వర్ధన్నపేట దాటాక ఒక ఊళ్ళో హైస్కూల్ టీచర్ని. సబ్జెక్టు ఫిజికల్ సైన్సు, అంటే పిల్లలకు కరెంటు పాఠం చెప్పేది నేనే. నవ్వుకుంటే నవ్వుకోండి. మా ఆయన గుండెపోటుతో పోయాక ఇంట్లో ఆయన కారు మిగిలింది. నలభై ఆరేళ్ళ వయసులో డ్రైవింగు నేర్చుకున్నాను. "ఈ వయసుల గీ సోకేంది" అన్నవాళ్ళ మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి, ఒక్కొక్కటీ. నాకది సోకు కాదు. పొద్దున బస్సెక్కి, దిగి, షేర్ ఆటో కోసం ఎండలో నిలబడే బాధ తప్పింది సరే. అంతకన్నా పెద్ద సంగతి, ఇంట్లోంచి బడికి వెళ్ళే ఆ గంటసేపు నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఏడిస్తే ఏడ్చాను, పాడితే పాడాను.

అట్లా ఏడాది నడిచాక బండికి రోగం వచ్చింది. సాయంత్రం బడి నుంచి వస్తుంటే ఉన్నట్టుండి మీటర్లన్నీ సున్నాకు పడిపోతాయి, వైపర్లు ఊగుతాయి, ఇంజన్ ఆగిపోతుంది. పావుగంట పోయాక ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షోరూంలో బ్యాటరీ మార్చారు, తర్వాత మాడ్యూల్ మార్చాలన్నారు. వాళ్ళు ఎప్పుడు నడిపి చూసినా ఆగలేదు. చివరికి ఒకడు నవ్వు ఆపుకుంటూ, "మేడం, మీరు క్లచ్ మీద కాలు తియ్యరేమో," అన్నాడు. వాణ్ణి నేనేమన్నానో ఇక్కడ రాయడం బాగుండదు.

మా మరిదిది హసన్‌పర్తి. నాలుగు కార్లు కిరాయికి తిప్పుతాడు. చెడ్డవాడు కాదు, అన్నంటే ప్రాణం. కానీ భయస్తుడు. "లారీ కింద పడ్తవ్ వదినా. అన్న పోయిండు, నువ్వు గుడ పోతే మేమేం గావాలె? అమ్మేద్దాం," అన్నాడు. కాగితాలన్నీ అతని దగ్గరే ఉన్నాయి. పాలకుర్తి నుంచి ఎవరినో మాట్లాడాడు. నెలలోపు బాగుకాకపోతే నాలుగో ఆదివారం వచ్చి వాళ్ళు తీసుకుపోతారు. ఆ కారు పోతే నేను మళ్ళీ ఎవరో ఒకరి బండిలో వెనక సీటు.

చాచా దగ్గరికి నన్ను పంపింది మా బడి అటెండరు. నేనూ ఆ పీకిన సీటు మీద కూర్చున్నాను.

"నీళ్ళు పడ్డయా?"

"లేదు."

"పాటల డబ్బా, కెమెరా, రంగుల లైట్లు, ఏమన్న కొత్తగ పెట్టించిండ్రా?"

"ఏం లేదు చాచా. షోరూం నుంచి ఎట్ల వచ్చిందో గట్లనే ఉన్నది," అన్నాను, కోర్టులో సాక్ష్యం చెప్పినంత ధీమాగా.

ఆయన నా వంక చూశాడు, కారులోకి చూశాడు. ఏదో అనబోయి కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "సరే," అన్నాడు.

మూడు ఆదివారాలు బండి ఆయన షెడ్డులో పెట్టాను. మూడుసార్లూ పొద్దంతా ఇంజన్ ఆన్ చేసి ఉంచాడు. వైర్లు కదిపాడు, కనెక్షన్లు తుడిచాడు. వేలు పైకెత్తి, అందరినీ నోరు మూయించి, లోపల కరెంటును కలిపి తెంపే రిలే చేసే టిక్ టిక్ విన్నాడు. బండి ఒక్కసారి కూడా ఆగలేదు. మూడుసార్లూ, "నాకు కనపడని రోగం బాగుచేసిన అని చెప్ప," అంటూ తాళం ఇచ్చేశాడు. ఇంకో వారమే ఉంది. మూడో ఆదివారం నాకు ఓపిక చచ్చిపోయింది. నీకు చేతకాకపోతే చేతకాదని చెప్పు అని గట్టిగానే అన్నాను. ఆయనకు కోపం రాలేదు.

"పొద్దుగాల పోయేటప్పుడు ఎన్నడన్న ఆగిందా?"

"లేదు."

"పొద్దటికి, సాయంత్రానికి ఫరక్ ఏంది?"

"పొద్దుగాల నేను కోపంల ఉంట, సాయంత్రం అలసిపోయి ఉంట."

"నీ సంగతి గాదు బిడ్డా, బండి సంగతి చెప్పు," అన్నాడు నవ్వుతూ. అప్పటిదాకా మీరు, టీచరమ్మా అన్నవాడు మొదటిసారి బిడ్డా అన్నాడు. "బడి కాడ యాడ నిలబెడ్తవ్?"

"గ్రౌండుల. నీడెక్కడిది అక్కడ?"

వేలు పైకెత్తాడు. "నా షెడ్డుల నీడ," అన్నాడు. "శనివారం నేనే వస్త."

శనివారం ఆఖరి పీరియడ్‌లో బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు, మెడలో ల్యాంపుతోనే. నేను తొమ్మిదో తరగతి పిల్లలతో బ్యాటరీ, బల్బు పెట్టి ప్రయోగం చేయిస్తున్నాను. కిటికీలోంచి చూసి, "గిది చెప్తరా మీరు? ఇంత తెలిసి గుడ నా కాడికొచ్చిండ్రా?" అన్నాడు. పిల్లలు విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, చాలా రోజుల తర్వాత.

గంట కొట్టాక తాళం ఆయన చేతికివ్వబోయాను. అలవాటు. మూడు నెలలుగా నా బండి తాళం కనబడ్డ మగవాడల్లా అడిగి తీసుకున్నాడు. ఆయన తీసుకోలేదు.

"నీకే ఆగుతాంది గదా, నువ్వే నడుపు. నేను సవారి," అని పక్క సీట్లో కూర్చున్నాడు.

వర్ధన్నపేట దాటాం. పంథిని దాటాక స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగామో లేదో, మీటర్లన్నీ పడిపోయాయి. వైపర్లు ఊగాయి, ఇంజన్ ఆగింది. వెనక లారీ హారను చెవులు చిల్లులు పడేట్టు మోగుతోంది. ఇండికేటర్ లేదు. చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, ఉన్న వేగంతోనే బండిని మెల్లగా రోడ్డు దించి ఆపాను. చాచా అరవలేదు, స్టీరింగు మీద చెయ్యి వెయ్యలేదు. బండి ఆగాక డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"పెనం లెక్క కాలుతాంది."

ఆ చెయ్యి పక్కకు జరుగుతూ పోయి, మధ్యలో ఉన్న వినాయకుడి బొమ్మకు జానెడు దూరంలో ఆగింది. వెనక్కి తీసుకున్నాడు.

"గీ దేవుణ్ణి ఎవలు కూసోబెట్టిండ్రు బిడ్డా?"

"మా ఆయన."

"గమ్ముతోనా?"

"గమ్ము ఎండకు కరిగి ఊడిపోతాందని స్క్రూ కొట్టిండు..." అన్నాను.

కొత్తగా ఏమన్నా పెట్టించారా అంటే, ఏమీ లేదన్నాను కదా. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. రోజూ పొద్దున దండం పెట్టుకుని బండి తీస్తాను, అది నా కంటికి వస్తువైతే కదా! షోరూం వాళ్ళూ దాని జోలికి పోలేదు. దండం పెట్టి మరీ దాని చుట్టూ తుడిచేవారు.

బండి చల్లబడ్డాక షెడ్డుకు చేరాం. ఇంకా పొద్దు గూకలేదు. చాచా స్క్రూ డ్రైవర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నేను తియ్య. మీ ఆయన చేతితోని పెట్టింది. నువ్వే తియ్యి."

దండం పెట్టుకుని తిప్పాను. ఎంత తిప్పినా రాదే! మా ఆయన ఏది బిగించినా అంతే, పచ్చడి జాడీ మూతైనా సరే. చివరికి ఊడింది, నా వేలంత పొడుగు స్క్రూ. చాచా డ్యాష్‌బోర్డు పై మూత లేపాడు. దాని కింద వైర్ల కట్ట, ఆ కట్టలో సరిగ్గా స్క్రూ దిగిన చోట నల్ల వైరు ఒకటి తెగి ఉంది. మాడ్యూలుకు పోయే ఎర్త్ వైరు అది, విడిపోయిందంటే మీటర్ల నుంచి ఇంజన్ దాకా అన్నిటికీ కరెంటు ఆగినట్టే. మొత్తం తెగలేదు, ఇన్నాళ్ళ కుదుపులకు స్క్రూకు ఒరుసుకుంటూ వచ్చి నాలుగైదు పోగుల మీద నిలబడింది. ఎండకు ప్లాస్టిక్ సాగితే ఆ పోగులు విడిపోతాయి. చల్లబడితే మళ్ళీ అంటుకుంటాయి. మాడ్యూలుకు ఏ జబ్బూ లేదు.

నేను మా ఆయన్ని తిట్టాను. ఏం మనిషివయ్యా, నడిరోడ్డు మీద నన్ను చంపేవాడివి కదా, ఎవరినైనా అడిగి కొడితే నీ సొమ్మేం పోయేది అని తిడుతూనే ఏడ్చాను. చాచా అటు తిరిగి, చేతిలోనే ఉన్న టేపు కోసం డబ్బాలన్నీ వెతికాడు.

అప్పుడే మా మరిది బైకు వచ్చి ఆగింది. తెల్లారితే ఆదివారం, బండి తీసుకుపోదామని వచ్చాడు. "ఏం దొరికింది?" అన్నాడు. నా పిడికిట్లో స్క్రూ ఉంది. నేను నోరు తెరిచేలోపే చాచా ముందుకొచ్చాడు.

"ఎర్త్ వైరు తెగింది సార్. మొదటి దినమే చూడాలె నేను. చూడలే. తప్పు నాది."

మా మరిదికి నెలరోజుల భయమంతా కోపమై లేచింది. "వైరు తెగిందని చూసుటానికి నెల పట్టిందా? ఆడమనిషిని గన్ని దినాలు సావు మీద తిప్పినవ్. కండ్లు కనపడకుంటే దుకాణం బంద్ చేసి ఇంట్ల కూసో," అని బజారంతా వినేట్టు అరిచాడు. చాయ్ బండి దగ్గర జనం లేచి చూశారు. చాచా తల వంచుకుని నిలబడ్డాడు. నేను పిడికిలి తెరవబోతే, నా వంక చూసి వేలు పైకెత్తాడు. ఆగిపోయాను.

"ఇప్పుడన్న బాగైనట్టేనా?" అన్నాడు మరిది, ఆయాసం తగ్గాక.

"అయ్యింది. ఎండల పెట్టుండ్రి, గుంతలల్ల తోలుండ్రి, ఏంగాదు. ఇంకో మాట సార్. ఇయ్యాల వెనక లారీ ఉండంగ ఇంజన్ బందైంది. మీ వదిన ఎంత నిమ్మళంగ పక్కకు తీసిందో నేను పక్కన కూసోని చూసిన. నేనైతే దుంకుతుంటి. అమ్మకుండ్రి."

మా మరిది నన్ను చూశాడు. పక్కకు వెళ్ళి పాలకుర్తి వాళ్ళకు ఫోన్ చేసి, రావద్దని చెప్పాడు.

అతను వెళ్ళాక చాచాను నిలదీశాను. నీకేం పట్టింది, ఎందుకట్లా మాటలు పడ్డావు అని.

"అబద్ధమేం చెప్పలే బిడ్డా. మొదటి దినమే ఆ బొమ్మను చూసిన. అడుగుదామనుకున్న. ముసల్మానోడు మా దేవుణ్ణి పీకుమంటాండు అనుకుంటవేమోనని నోరు రాలే. మూడు వారాలు ఉత్తగ తిప్పిన. నా తప్పు గాదా?" కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇగ మీ ఆయనంటవా, పోయినాయన వచ్చి జవాబు చెప్పుకోలేడు. నేనున్న గదా. నాలుగు మాటలంటే పడ్త. నువ్వు గుడ చెప్పకు. ఆ పిలగానికి అన్నంటే ఎంత పావురమో మొఖంలనే కనపడ్తాంది."

నేను సరేనన్నాను. అదే నేను చేసిన తప్పు. మా మరిది, అతని తోటి కిరాయి కార్ల వాళ్ళు ఆ షెడ్డుకు పోవడం మానేశారు. వైరు తెగితే కనబడని ముసలాయన అని పది మందికి చెప్పుకున్నారు. నా ముందే ఒకడు అలా అన్నాడు, మా ఇంట్లో పెళ్ళి భోజనాల దగ్గర. ఎవరి మీదికైనా గయ్యిన లేచే నేను, ఆ రోజు అన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. షెడ్డు ముందు బండ్లు తగ్గడం నా కళ్ళతో చూశాను. చాచా ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. పోయినప్పుడల్లా "బండి మంచిగున్నదా బిడ్డా?" అనే అడిగేవాడు. చెప్పొద్దన్నాడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు జవాబు చెప్పుకోలేనిది ఆయన. నిన్న సాయంత్రం మా మరిదికి ఫోన్ చేసి ఆ రోజు జరిగిందంతా చెప్పాను. బొమ్మ సంగతి, స్క్రూ సంగతి, చాచా వేలెత్తి నన్ను ఆపిన సంగతి.

"అన్న కొట్టిందా?" అన్నాడు. ముక్కు చీదుకున్న చప్పుడైంది. "నడిబజార్ల ఆ పెద్దమనిషిని ఎన్ని మాటలన్న వదినా... రేపు ఆదివారమే గదా, ఇద్దరం పోదాం. కాళ్ళు పట్టుకుంట. ఇప్పుడు గుడ గా షెడ్డులనే ఉంటడా?"

ఆ ఒక్క సంగతే నేనింకా చెప్పలేదు.

"వదినా, వింటానవా? ఉంటడా?" అని మళ్ళీ అడిగాడు.